కౌలు కార్డుపై సంతకం పెట్టమంటారా?

ప్రశ్న: మా అమ్మకు పుట్టింటివారు పసుపు కుంకుమ కింద ఇచ్చిన మూడెకరాల పొలం పశ్చిమ గోదావరి జిల్లాలో, నరసాపురం దగ్గర ఉంది. నాన్న పోయాక అమ్మ హైదరాబాదులో నా దగ్గరే ఉంటోంది. ఆ పొలాన్ని పదమూడేళ్లుగా ఒకే కుటుంబం కౌలుకు చేస్తోంది. ఆయనను మేం మొదటి నుంచీ బాబాయి అనే పిలుస్తాం. వాళ్లకు సొంతంగా సెంటు భూమి కూడా లేదు. మా మధ్య కాగితం ఏదీ లేదు, అంతా నోటిమాటే. సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) కలిపి ఏడాదికి ఎకరాకు ముప్పై బస్తాల మక్తా, అంటే ముందే మాట్లాడుకున్న కౌలు. ఆ లెక్కకు డబ్బు కట్టి పంపిస్తారు. ఒక్క ఏడాది కూడా ఎగవేయలేదు.

2025 ఆగస్టులో అన్నదాత సుఖీభవ, పీఎం కిసాన్ కలిపి అమ్మ ఖాతాలో ఏడు వేలు పడ్డాయి. నవంబరులో మరో ఏడు వేలు వచ్చాయి. అమ్మ వాటిని మందులకు వాడుకుంది. అక్టోబరు చివర వచ్చిన మొంథా తుపానుకు మా చేను నేలకొరిగింది. సంక్రాంతికి ఊరు వెళ్లినప్పుడు బాబాయి మొహమాటపడుతూనే, 'అమ్మగారూ, సీసీఆర్‌సీ (పంట సాగుదారు హక్కు) కార్డుకు ఒక్క సంతకం పెట్టండి' అని అడిగారు. అమ్మ పెట్టేద్దామంది. అమెరికాలో, అయోవా రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్న అన్నయ్య మాత్రం ఫోనులో గట్టిగా వద్దన్నాడు. 'కాగితం మీద వాళ్ల పేరు ఎక్కితే పొలం మీద ఆశ వదులుకోవలసిందే. ఇప్పటికే పన్నెండేళ్లు దాటాయి' అంటున్నాడు. సంతకం పెడితే నిజంగా ప్రమాదమా? అమ్మకు వచ్చే సాయం ఆగిపోతుందా? ఇంకొకటి కూడా అడగాలనిపిస్తోంది. ఆ పొలంలో ఏనాడూ కాలు పెట్టని మాకు ఈ డబ్బు రావడం న్యాయమేనా?
— ఒక పాఠకురాలు, హైదరాబాదు

సమాధానం: కౌలు గురించి ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలు చాలావరకు పొలం చేసేవారు రాసేవే. పొలం ఉన్నవారి వైపు నుంచి 'ఇది మాకు న్యాయమేనా' అన్న ప్రశ్న రావడం అరుదు. అలా అడిగిన మీకు నాన్చకుండా జవాబు చెప్పాలి. సంతకం పెట్టండి. దాని వల్ల పొలం పోదు. నిజానికి కాగితం లేకుండా పదమూడేళ్లు గడపడంలోనే మీకు కొంత ప్రమాదం ఉంది.

మీ అన్నయ్య చెబుతున్న పన్నెండేళ్ల మాట గాలిలోంచి పుట్టింది కాదు. 1963 నాటి కాలపరిమితి చట్టంలో ఆ గడువు ఉంది. అయితే అది ఎవరికి వర్తిస్తుందో చూడాలి. ఒకరి భూమిని మరొకరు 'ఇది నాదే' అంటూ బాహాటంగా, యజమాని హక్కును కాదని పన్నెండేళ్లు అనుభవిస్తే, యజమాని ఆ గడువులోగా కోర్టుకు వెళ్లకపోతే, అప్పుడు ఆ ప్రశ్న వస్తుంది. అనుమతితో చేసుకునేవారి అనుభవం అలాంటిది కాదు. మక్తా చెల్లించిన ప్రతిసారీ బాబాయి ఆ పొలం మీ అమ్మగారిదని ఒప్పుకుంటున్నట్టే. అయితే ఆ ఒప్పుకోలుకు రుజువు ఏముంది? రేపు ఆయన తరం దాటి పిల్లల చేతికి వ్యవహారం వెళ్లి, వాళ్లతో మీకు పొసగక మాట తేడా వస్తే, మక్తా ఇచ్చారని చెప్పడానికి మీ దగ్గర రాతపూర్వకంగా ఏముంది? సీసీఆర్‌సీ ఒప్పందంలో యజమాని ఎవరో, కౌలుదారు ఎవరో, ఎన్ని సెంట్లు, ఏ సర్వే నంబరు, ఎంత కాలం అన్నవన్నీ ఉంటాయి. అందులో ఆయన వేలిముద్రో సంతకమో ఉందంటే పొలం మీదని ఆయనే రాసి ఇచ్చినట్టు. మీ అన్నయ్య ఏ కాగితానికి భయపడుతున్నాడో, అదే మీ హక్కుకు సాక్ష్యం.

అయినా ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేయలేను. దానికి చరిత్ర ఉంది. తెలంగాణ ప్రాంతంలో 1950 కౌలు చట్టం కింద రక్షిత కౌలుదార్లు భూములకు యజమానులయ్యారు. ఆ చట్టంలోని 38-ఈ సెక్షను కింద వారికిచ్చిన యాజమాన్య సర్టిఫికెట్ల మాట ఇప్పటికీ హైదరాబాదు చుట్టుపక్కల భూ తగాదాల్లో వినిపిస్తూనే ఉంటుంది. ఆంధ్ర ప్రాంతంలో 1956 కౌలు చట్టం వచ్చింది. 1974లో దాన్ని సవరించి కౌలుదారుకు మరింత రక్షణ కల్పించారు. కౌలుదారును ఊరికే లేపడానికి వీల్లేకుండా చేసిన ఆ చట్టాలు మంచి ఉద్దేశంతో వచ్చినవే. కానీ వాటికి జడిసి డెల్టాలో యజమానులు కాగితం రాయడమే మానేశారు. కౌలు ఆగలేదు, పెరిగింది. రాత మాత్రం మాయమైంది. మీ తాతగారి తరం నుంచి ఇంటింటా చెప్పుకున్న ఆ జాగ్రత్తే ఇప్పుడు అయోవా నుంచి ఫోనులో వినిపిస్తోంది.

అన్నయ్యకు ఒక విషయం చెప్పండి. 1956 చట్టం నోటిమాట కౌలుకు కూడా వర్తించేలా రాసినది. కాగితం లేకపోతే ఆ చట్టం మన జోలికి రాదనుకోవడం అప్పుడూ పొరపాటే. కాగితం లేకపోవడం వల్ల కౌలుదారుకు సాయాలు అందకుండా పోయాయే తప్ప, యజమానికి అదనంగా ఒరిగిన రక్షణ ఏదీ లేదు.

సీసీఆర్‌సీ సంగతి వేరు. అది 2019లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే కార్డు. యజమానుల భయాన్ని దృష్టిలో పెట్టుకునే ఆ చట్టాన్ని రాశారు. ఒప్పందం పదకొండు నెలలకే. కార్డు వల్ల కౌలుదారుకు దక్కేది పంట మీద హక్కు, ఆ పంటకు సంబంధించిన రుణం, బీమా, నష్టపరిహారం వంటివి. భూమి మీద యాజమాన్య హక్కు దానివల్ల రాదు. మీ అమ్మగారి పాసు పుస్తకంలో ఒక్క అక్షరం మారదు. గడువు తీరాక మళ్లీ ఇష్టపడి సంతకం పెడితేనే మరో కార్డు.

దీనికి ముందు 2011లో ఉమ్మడి రాష్ట్రం మరో చట్టం చేసింది. కోనసీమ రైతులు సార్వాలో నాట్లు వేయబోమని పంట విరామం ప్రకటించిన సంవత్సరం అది. ఆ చట్టం కింద ఇచ్చిన రుణ అర్హత కార్డుకు యజమాని సంతకంతో పని లేదు. ఎవరు సాగు చేస్తున్నారో ఊళ్లో విచారించి ఇచ్చేవారు. 2019లో ఆ పద్ధతి పోయి సంతకం తప్పనిసరి అయింది. యజమానికి ధైర్యం చెప్పడానికి పెట్టిన ఆ నిబంధన దగ్గరే కౌలు రైతు ఆగిపోతున్నాడు. సంతకం అడిగితే ఉన్న కౌలు కూడా పోతుందేమోనని చాలామంది నోరే విప్పరు. పదమూడేళ్లు పొలం చేసిన మనిషి అడగడానికి అంత మొహమాటపడ్డారంటే, ఆ అడగడం వెనక ఎంత ఆలోచన, ఎంత జంకు ఉన్నాయో మీరు ఊహించుకోగలరు. తుపాను చేను పడగొట్టి ఉండకపోతే బహుశా ఇప్పుడూ అడిగి ఉండేవారు కాదు.

ఇంతకీ ఆ కార్డు లేకపోతే ఏమవుతుందో దగ్గరగా చూద్దాం. ఊళ్లో ప్రతి పంట కాలంలోనూ ఈ-పంట నమోదు జరుగుతుంది. ఏ సర్వే నంబరులో ఏ పంట, ఎంత విస్తీర్ణం, సాగు చేస్తున్నది ఎవరు అని రాసుకుంటారు. రైతు వేలిముద్ర వేయాలి. ఆ తర్వాత వచ్చే ప్రతి రూపాయికీ ఆ నమోదే ఆధారం. రైతు సేవా కేంద్రం ద్వారా ధాన్యం కొన్నా, తుపానుకు పంట పోతే పెట్టుబడి రాయితీ ఇచ్చినా, పంట బీమా వచ్చినా ఈ-పంటలో ఉన్న పేరు, ఖాతా చూసే ఇస్తారు. కౌలు కార్డు లేని చోట ఆ పేరు తరచు భూ యజమానిదే అవుతుంది.

మీ అమ్మగారి బ్యాంకు పుస్తకం ఒకసారి తీసి చూడండి. ఈ పదమూడేళ్లలో ఎప్పుడైనా ధాన్యం డబ్బు అందులో పడిందా? పడితే, అమ్మగారు తీసి పంపేదాకా బాబాయి ఎదురుచూశారన్న మాట. పడలేదంటే ఆయన ధాన్యాన్ని ప్రభుత్వ ధరకు కాకుండా కళ్లం దగ్గరే దళారికి అమ్ముకుంటూ ఉండవచ్చు. 2025-26కు సాధారణ రకం వరి మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. డెబ్బై అయిదు కిలోల బస్తాకు సుమారు 1,777. దళారి బస్తాకు నూరు రూపాయలు తగ్గించాడనుకుందాం. ఎకరాకు పాతిక బస్తాల చొప్పున మూడెకరాలకు డెబ్బై అయిదు బస్తాలు. అంటే ఒక్క సార్వాలోనే 7,500 పోయినట్టు. మీ అమ్మగారికి ఒక విడతలో పడిన సాయం కన్నా అది ఎక్కువ.

అప్పు మరీ పెద్ద సంగతి. బ్యాంకులో స్వల్పకాలిక పంట రుణానికి వడ్డీ ఏడు శాతం. గడువులోగా తీరిస్తే కేంద్రం ఇచ్చే రాయితీతో నాలుగు శాతానికి వస్తుంది. 2025 జనవరి నుంచి రెండు లక్షల వరకు తాకట్టు లేకుండానే ఇవ్వాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. కార్డు లేని కౌలు రైతు వెళ్లేది ఎరువుల కొట్టు యజమాని దగ్గరికో, ఊళ్లో వడ్డీకి ఇచ్చేవారి దగ్గరికో. అక్కడ నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ మామూలు మాట. ఊడ్పులకు తెచ్చిన లక్షను ఆరు నెలలకు తీర్చాలంటే అక్కడ పన్నెండు వేల వడ్డీ, బ్యాంకులో రెండు వేలు. పదివేలు తేడా. ఒక పంటకే.

కార్డు చూపించగానే బ్యాంకు రుణం ఇచ్చేస్తుందని మాత్రం అనుకోవద్దు. అదే సర్వే నంబరు మీద యజమాని పేరుతో పంట రుణం ఉంటే కౌలుదారుకు ఇవ్వరు. గోదావరి జిల్లాల్లో కార్డు చేతికొచ్చాక కూడా రుణం దొరకకపోవడానికి పెద్ద కారణాల్లో ఇదొకటి. పొలం దున్నని యజమాని తక్కువ వడ్డీకి పంట రుణం తీసుకుని వేరే అవసరానికి వాడుకుంటాడు. దున్నేవాడు నూటికి రెండు రూపాయలకు తెచ్చుకుంటాడు. మీ అమ్మగారి పేరున అలాంటి రుణం ఉందేమో కనుక్కోండి. ఉంటే తీర్చేసి, బాకీ లేదన్న పత్రం తీసుకుని దాని నకలు బాబాయికి ఇవ్వండి. సంతకం ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం.

మొంథా సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. 2024 సెప్టెంబరు వరదలప్పుడు రాష్ట్ర ప్రభుత్వం వరికి హెక్టారుకు 25,000 రూపాయలు, అంటే ఎకరాకు పది వేల చొప్పున పరిహారం ప్రకటించింది. ఆ లెక్కన చూసుకున్నా మూడెకరాలకు ముప్పై వేలు. పోయిన సార్వాకు మీ పొలం ఈ-పంటలో ఎవరి పేరున ఉందో బాబాయిని అడగండి. అమ్మగారి పేరునే ఉండి, తుపాను పరిహారం ఆమె ఖాతాలో పడితే, దాని గురించి ఇంట్లో చర్చ అక్కర్లేదు. ఆ రోజే ఆయనకు పంపించండి. విత్తనం, ఎరువు, కూలీ పెట్టుకుని పంట పోగొట్టుకున్నది ఆయన.

ఇక అమ్మగారికి వస్తున్న సాయం. పీఎం కిసాన్ 2019 ఫిబ్రవరి 24న మొదలైంది. ఏడాదికి ఆరు వేలు, రెండేసి వేల చొప్పున మూడు విడతలు. సాగుకు పనికొచ్చే భూమి పేరున ఉన్న కుటుంబానికి అది ఇస్తారు. 2019 ఫిబ్రవరి 1 నాటికి రికార్డుల్లో ఎవరి పేరుంటే వారు. ఆ తర్వాత వారసత్వంగా వచ్చినవారు కూడా. ఆదాయపు పన్ను కట్టేవారు, నెలకు పదివేలు, ఆపైన పింఛను తీసుకునే విశ్రాంత ఉద్యోగులు, వైద్యులు, న్యాయవాదుల వంటి వృత్తుల వారు అనర్హులు. పొలం దున్నేది ఎవరు అన్న ప్రశ్నే ఆ పథకంలో లేదు. కుటుంబమంటే భార్య, భర్త, మైనరు పిల్లలు. కాబట్టి మీరో మీ అన్నయ్యో పన్ను కట్టినంత మాత్రాన అమ్మగారి అర్హత పోదు. ఆమె తప్పుచేసి తీసుకున్నది ఏమీ లేదు. ఆ విషయంలో ఆమె మనసు కష్టపెట్టుకోనక్కర్లేదు.

రాష్ట్ర ప్రభుత్వం 2025 ఆగస్టు 2న ప్రకాశం జిల్లా దర్శి మండలంలో ప్రారంభించిన అన్నదాత సుఖీభవ దీని మీదే నిలబడింది. ఏడాదికి ఇరవై వేలలో ఆరు వేలు కేంద్రానివి, పద్నాలుగు వేలు రాష్ట్రానివి. కౌలు కార్డు ఇచ్చినంత మాత్రాన భూమి రికార్డులో అమ్మగారి పేరు పోదు కాబట్టి ఆమె పీఎం కిసాన్‌కు ఇబ్బంది లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఇంతకు ముందున్న రైతు భరోసా పథకంలో యజమానికి యజమాని సాయం, అర్హత ఉన్న కౌలుదారుకు కౌలుదారు సాయం విడివిడిగానే ఇచ్చారు. అయితే అప్పట్లో సొంత భూమి లేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలు రైతులకే ఆ సాయం దక్కింది. మిగతా వర్గాల కౌలు రైతులు ఎంత పేదవారైనా జాబితాలో లేరు. అందుకే కార్డు వచ్చాక బాబాయికి ఇప్పటి నిబంధనల ప్రకారం అర్హత ఉందో లేదో మీ ఊరి రైతు సేవా కేంద్రంలో ఆయన చేతే అడిగించండి. కార్డు లేకపోతే అడగడానికి కూడా ఆధారం ఉండదు.

మీరు ఉంటున్న తెలంగాణలో కౌలు రైతు పరిస్థితి ఇంకా కష్టం. 2018 మే 10న హుజూరాబాద్ దగ్గర మొదలైన రైతుబంధు మొదట ఎకరాకు పంటకు నాలుగు వేలు, తర్వాత అయిదు వేలు ఇచ్చింది. పట్టాదారుకు ఎన్ని ఎకరాలుంటే అన్నింటికీ ఇచ్చింది. ఇప్పుడు రైతు భరోసా పేరుతో పంటకు ఆరు వేలు ఇస్తున్నారు. 2011 చట్టం అక్కడ కాగితం మీద ఉన్నా కౌలు రైతుకు కార్డు చేతికి రావడం లేదు. మీ బాబాయికి కనీసం ఒక దారి ఉంది. ఆ దారి తలుపు తాళం మీ అమ్మగారి దగ్గర ఉంది.

మీ అన్నయ్య ఉంటున్న అయోవా గురించి కూడా కొంచెం చెబుతాను, ఆయనకు పనికొస్తుంది. ఆ రాష్ట్రంలో సాగుభూమిలో సగానికి పైగా కౌలు సాగే. మొక్కజొన్న, సోయా ధరలు పడిపోయినప్పుడు రైతుకు అక్కడి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే సాయాన్ని కౌంటీల్లో ఉండే వ్యవసాయ శాఖ కార్యాలయాలు చూస్తాయి. ఏ పొలాన్ని ఎవరు, ఏ పద్ధతిలో చేస్తున్నారో రైతు అక్కడ నమోదు చేయించాలి. పొలాన్ని నగదు కౌలుకు ఇచ్చిన యజమానికి ఆ సాయం రాదు. నష్టం మోసేది కౌలుదారు కాబట్టి అతనికే వస్తుంది. పాలుకు ఇస్తే, పంటలో ఎవరి పాలు ఎంతో సాయంలోనూ అంతే. యజమాని పేరు, కౌలుదారు పేరు, వాటాలు అన్నీ ప్రభుత్వ కాగితాల్లో ఉన్నా అక్కడి భూములు ఎవరివి వారివిగానే ఉన్నాయి. ఆ పద్ధతిలోనూ లోపాలున్నాయి. పెద్ద కమతాలకే ఎక్కువ సొమ్ము వెళుతుంది. సాయం వస్తోందని తెలిసిన యజమానులు కౌలు పెంచి అందులో కొంత తమవైపు లాక్కుంటారని అక్కడి ఆర్థికవేత్తలు లెక్క కట్టారు. అన్నయ్యను వీలైతే తన ఊరికి దగ్గరలో ఉన్న ఏ రైతునైనా పలకరించి, కాగితం లేకుండా పొలం కౌలుకు ఇస్తారా అని అడగమనండి.

కౌలు పెంచడం గురించి అన్న మాట మీ ఇంటికీ వర్తిస్తుంది. బాబాయికి కార్డు వచ్చి, సాయం ఆయన ఖాతాలో పడిన ఏడాది 'ఎలాగూ ప్రభుత్వం ఇస్తోంది కదా' అని ఊళ్లో ఎవరో ఒకరు మక్తా మరో రెండు బస్తాలు పెంచమని మీకు సలహా ఇస్తారు. దయచేసి వినవద్దు. ప్రభుత్వం పెట్టుబడికి ఇచ్చిన డబ్బు చివరికి భూమి ఉన్నవారి చేతికే చేరేది అలాగే.

న్యాయమేనా అని అడిగారు. చట్టం ప్రకారం తప్పు లేదని చెప్పాను. నా మనసులో ఉన్నది కూడా చెబుతాను. పీఎం కిసాన్ ఆరు వేలను భూమి ఉన్న కుటుంబానికి ఇచ్చే సాయంగా అమ్మగారు ఉంచుకోవచ్చు. రాష్ట్రం ఇచ్చే పద్నాలుగు వేలు సాగుకు ఆసరాగా ఇస్తున్నవి. మీ పొలంలో ఆ సాగు చేస్తున్నది బాబాయి. ఆయనకు విడిగా సాయం అందేదాకా ఆ పద్నాలుగు వేలు ఆయనకు చేరడమే సరైనదని నా అభిప్రాయం. నేరుగా చేతిలో పెడితే ఆయన మొహమాటపడతారు, తీసుకోకపోవచ్చు కూడా. మక్తాలో తగ్గించండి. బస్తా 1,777 లెక్కన పద్నాలుగు వేలంటే దాదాపు ఎనిమిది బస్తాలు. మూడెకరాల మీద ఎకరాకు మూడు బస్తాల కన్నా తక్కువే. ముప్పై బస్తాల మక్తాను ఇరవై ఏడు చేస్తే సరిపోతుంది. అమ్మగారి మందుల ఖర్చు మాట ఉంది, నిజమే. ఉద్యోగాలు చేస్తున్న ఇద్దరు బిడ్డలు ఆ భారాన్ని మోయగలరని అనుకుంటున్నాను. మీకు అది కష్టమైతే కనీసం తుపాను వచ్చిన ఈ సార్వాకైనా మక్తాలో పెద్ద తగ్గింపు ఇవ్వండి. చేను పడిపోయిన ఏడాది కూడా నిండు మక్తా పంపించారంటే ఆయన ఎక్కడో అప్పు తెచ్చి ఉంటారు. ఎంత తెచ్చారో ఆయనంతట ఆయన చెప్పరు, ఆయనను అడగమని అమ్మగారికే చెప్పండి.

పని ఎలా చేయాలంటే, ఒప్పందం నమూనా గ్రామ సచివాలయంలోనో రైతు సేవా కేంద్రంలోనో దొరుకుతుంది. అమ్మగారు, బాబాయి సంతకాలు చేశాక గ్రామ రెవెన్యూ అధికారి పరిశీలించి కార్డు ఇస్తారు. అమ్మగారి పాసు పుస్తకం, ఆధార్ నకళ్లు, బాబాయి ఆధార్, బ్యాంకు ఖాతా వివరాలు సిద్ధంగా ఉంచుకోండి. సర్వే నంబరు, విస్తీర్ణం పాసు పుస్తకంలో ఎలా ఉన్నాయో ఒప్పందంలోనూ అలాగే ఉండాలి. సెంట్ల దగ్గర తేడా వస్తే ఈ-పంటలో ఇబ్బంది పడతారు. సంతకానికి అమ్మగారు ఊరు రావలసిందేనా, ఇక్కడే సంతకం చేసి పంపితే చాలా అన్నది బాబాయి చేత ముందే అడిగించండి. పెద్దావిడను రెండుసార్లు తిప్పకూడదు. దాళ్వాకు ఈ-పంట నమోదు ఇంకా ముగియకపోతే ఇప్పుడే కదలండి. ముగిసిపోయిందంటే జూన్‌లో సార్వా పనులు మొదలయ్యేలోగా కార్డు ఆయన చేతిలో ఉండేలా చూడండి.

ప్రభుత్వ నమూనాలో లేనివి మీ ఇద్దరి మధ్య మరో తెల్లకాగితం మీద రాసుకుంటే మంచిది. మక్తా ఎన్ని బస్తాలు, ఏ ధరకు లెక్క కడతారు, ఏ నెలలో ఇస్తారు. తుపానుకో ముంపుకో సగం పంట పోతే మక్తా ఎంత తగ్గుతుంది, మొత్తం పోతే ఏమిటి. పరిహారం ఎవరి ఖాతాలో పడినా పంట పెట్టినవారిదే అన్న మాట. కౌలు వద్దనుకుంటే ఇద్దరిలో ఎవరైనా దాళ్వా కోతల లోపే చెప్పాలన్న మాట. ఇవన్నీ కలిపి ఒక పేజీ దాటవు. ఆ కాగితాన్ని ఫొటో తీసి అన్నయ్యకు పంపండి. ఆయన పేరును కూడా సాక్షిగా రాయిస్తే, ఇందులో తనను పక్కన పెట్టారన్న బాధ ఉండదు, రేపు పొలం మీ ఇద్దరి చేతికి వచ్చినప్పుడు తెలియదన్న మాటా రాదు.

కార్డు వచ్చాక మరొక్క పని మిగులుతుంది. ఈ-పంట నమోదు ముగిశాక పేర్ల జాబితాను రైతు సేవా కేంద్రంలో అందరూ చూసేలా పెడతారు. అభ్యంతరాలు అప్పుడే తీసుకుంటారు. ఆ జాబితాలో మీ సర్వే నంబరు ఎదురుగా బాబాయి పేరు, వరి, మూడెకరాలు అని ఉన్నాయో లేదో చూసుకోమని ఆయనకు ఫోను చేసి చెప్పండి. అమ్మగారి పేరే ఉంటే కార్డు పట్టుకుని ఆ రోజే వెళ్లి మార్పించుకోమనండి. గడువు దాటితే ఆ పంటకు ఇక మార్చరు.